లండన్ క్లాసులో పిల్లలు మాట వినకపోతే

గుంటూరులో పన్నెండేళ్లు లెక్కలు చెప్పినా, లండన్‌లో ఇయర్ 8 (పన్నెండు, పదమూడేళ్ల) పిల్లలు మాట వినడం లేదని, మానేయాలనిపిస్తోందని రాశారు. మానేయకండి. నా మొదటి టర్మంతా అలాగే గడిచింది. ఇక్కడ టీచరనగానే పిల్లలకు భయం ఉండదు; గొంతు పెంచితే ఇంకా రెచ్చిపోతారు. మీ స్కూల్ బిహేవియర్ పాలసీ, అంటే పిల్లల ప్రవర్తనకు స్కూలు పెట్టుకున్న నియమాలు, బాగా చదవండి. హెచ్చరిక, ఆ తర్వాత డిటెన్షన్ (శిక్షగా విరామంలోనో బడి అయ్యాకో కూర్చోబెట్టడం), అందులో ఏది రాసి ఉంటే అదే, ప్రతిసారీ, గొంతు పెంచకుండా. సీటింగ్ ప్లాన్ మీరే వేయండి. వారంలో పేర్లన్నీ నోటికి రావాలి; పేరు పెట్టి పిలిస్తే సగం గోల తగ్గుతుంది. బాగా చేసిన పిల్లాడి ఇంటికి ఫోన్ చేసి మెచ్చుకోండి, నాకు అన్నిటికంటే పనిచేసింది ఇదే.

డిసెంబరులో నాలుగింటికే చీకటి పడి దిగులేస్తుంది. శనివారం లండన్‌లోనే ఉన్న ఈస్ట్ హామ్ వెళ్లండి. కరివేపాకు, మునక్కాడలు దొరుకుతాయి, తెలుగు మాట కూడా వినపడుతుంది.