ఒక్క పెద్ద ట్రోఫీ కూడా లేని డి నటాలేను గొప్ప ఫార్వర్డ్ అనొచ్చా?

మీ ప్రశ్నలో అసలు సందేహం ఇది: ఇటలీ ఫుట్‌బాల్ ఆటగాడు ఆంటోనియో డి నటాలే లీగ్ టైటిల్ గెలవలేదు, పెద్ద క్లబ్బుకు ఆడలేదు, 2010లో యువెంటస్ లాంటి పెద్ద క్లబ్బు పిలిచినా వెళ్లలేదు. అలాంటప్పుడు బాజ్జో, తొత్తి లాంటి ఇటలీ దిగ్గజాల పేర్లు వచ్చినప్పుడల్లా ఇతని పేరు కూడా ఎందుకు తెస్తారు?

నా జవాబు: తేవాలి కాబట్టే తెస్తారు. మాస్టర్స్ చదవడానికి నేను ఊదినె వెళ్లాను. ఇటలీ ఈశాన్య మూలన, స్లొవేనియా సరిహద్దుకు దగ్గరగా ఉన్న చిన్న నగరం అది. మా క్యాంపస్, ఊదినేసే క్లబ్బు ఆడే ఫ్రియూలి స్టేడియం రెండూ రిత్సి అనే ఒకే పేటలో ఉంటాయి. క్లాసు అయ్యాక నడిచే వెళ్లిపోవచ్చు. డి నటాలే మంచి ఫామ్‌లో ఉన్న రోజులవి. అతని ఆటను స్టాండ్స్‌లో కూర్చుని చూడగలగడం నా అదృష్టం.

అప్పట్లో పిచ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉండేది. గోల్ వెనక సీట్లలో కూర్చుంటే ఆట చాలా దూరంగా కనిపించేది. కానీ టీవీలో కెమెరా బంతి వెంటే తిరుగుతుంది, స్టేడియంలో మనకు నచ్చిన ఆటగాడినే చూస్తూ కూర్చోవచ్చు. నేను డి నటాలేనే చూసేవాణ్ని. చాలాసేపు నడుస్తూనే ఉండేవాడు. డిఫెండర్ బంతి వైపు తల తిప్పిన క్షణంలో అతని వీపు వెనక్కి జారుకునేవాడు. పాస్ వచ్చేసరికి రెండడుగుల ఖాళీ దొరికేది, అతనికి అది చాలు. ఎత్తు 1.70 మీటర్లే, బలంతో ఎవరినీ తోసి గెలవలేడు. బంతిని ఆపకుండా గాల్లో ఉండగానే కొట్టడం, మొదటి టచ్‌తోనే షాట్‌కి సిద్ధం చేసుకోవడం, ఈ రెండింటిలో అంత శుభ్రంగా ఆడేవాళ్లను నేను చాలా తక్కువమందిని చూశాను.

ఇక కెరీర్. 1977లో నేపుల్స్‌లో పుట్టాడు. చిన్నతనంలోనే ఎంపోలి అకాడమీలో చేరి, లోన్ మీద, అంటే తాత్కాలికంగా, కింది డివిజన్ల చిన్న క్లబ్బులకు తిరిగాడు. ఎంపోలి ఇటలీ పై లీగ్ అయిన సెరీ ఆకు ఎక్కాక, 2002-03లో గాని అందులో ఆడలేదు. అప్పటికి పాతికేళ్లు. ఆ సీజన్‌లో 13 గోల్స్ కొట్టాడు. 2004లో ఎంపోలి కింది డివిజన్‌కు పడిపోయింది, అతను ఊదినేసేకి వచ్చాడు. తర్వాతి కొన్నేళ్లు ఎక్కువగా ఎడమ పక్క నుంచి ఆడేవాడు. మంచి ఆటగాడని అందరూ అనేవాళ్లు, అంతకు మించి కాదు.

అసలు కథ ముప్పై దాటాక మొదలైంది. 2009-10లో 29 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు. ఆ ఏడు ఊదినేసే స్థానం ఎంతో తెలుసా? 15. కిందికి పడిపోతామేమోనన్న టెన్షన్‌లో ఉన్న జట్టు నుంచి 29 గోల్స్! మరుసటి ఏడు 28 కొట్టి మళ్లీ టాప్ స్కోరర్. 90ల్లో సిన్యోరి తర్వాత వరసగా రెండేళ్లు ఆ ఘనత సాధించినవాడు ఇతనే. ఆ తర్వాత రెండు సీజన్లలో 23, 23. ఈ నాలుగు సీజన్లూ 31 నుంచి 35 ఏళ్ల మధ్య ఆడినవి. చాలామంది స్ట్రైకర్లకు కాళ్లు బరువెక్కే వయసు అది.

యువెంటస్‌కు వెళ్లకపోవడం పిరికితనం అని కొందరు రాస్తారు. నాకు కోపం వచ్చేది ఇక్కడే. అతను వద్దన్న ఆ సీజన్‌లోనే ఊదినేసే నాలుగో స్థానంలో నిలిచింది, యువెంటస్ ఏడో స్థానంలో. మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడిన జట్టు ఊదినేసే! కోచ్ గ్విదొలిన్ అతన్ని ముందు పెట్టి, పక్కన అలెక్సిస్ సాంచెజ్‌ను పరుగులు తీయించాడు. ఊదినేసే ఆటగాళ్లను పెంచి అమ్ముకుని బతికే క్లబ్బు. 2011లో సాంచెజ్ బార్సిలోనాకు, ఇన్లెర్ నాపోలికి వెళ్లారు. ఆ మరుసటి వేసవిలో హందనోవిచ్, అసమోవా, ఇస్లా కూడా పోయారు. ఏటా చుట్టూ జట్టు మారిపోతుంటే గోల్స్ మాత్రం ఆగలేదు. పెద్ద క్లబ్బులో మంచి పాస్‌లు అందుకుంటూ కొట్టడం కన్నా ఇది కష్టమని నా అభిప్రాయం. వెళ్లి ఉంటే 2012లో యువెంటస్‌తో టైటిల్ దక్కేదేమో, నిజమే. కానీ ఆ వయసులో తన చుట్టూ అల్లిన జట్టు అక్కడ దొరికేదా?

చేదు రోజులూ ఉన్నాయి. 2011 ఆగస్టులో యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ క్వాలిఫైయర్‌కి ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్ వచ్చింది. నేను స్టేడియంలోనే ఉన్నాను. రెండు మ్యాచ్‌ల పోరులో మొదటి లెగ్‌లో ఒక గోల్ తేడాతో వెనకబడ్డ మాకు డి నటాలే హెడర్‌తో ఆశ తెచ్చాడు. ఆర్సెనల్ ఆటగాడు వాన్ పెర్సీ స్కోరు సమం చేశాడు. తర్వాత మాకు పెనాల్టీ దొరికింది, డి నటాలే కొట్టాడు, గోల్‌కీపర్ ష్చెస్నీ ఆపేశాడు. చివరికి 2-1తో ఓడాం. నా చుట్టూ ఒక్కరు కూడా అతన్ని తిట్టలేదు. మ్యాచ్ అయ్యాక అతని పేరే పాడారు, తొతో అని. నేపుల్స్‌లో ఆంటోనియోలను ముద్దుగా పిలిచే పేరది. దక్షిణాది మనిషిని ఉత్తరాది ఊరు అంతగా సొంతం చేసుకోవడం ఇటలీలో చిన్న విషయం కాదు.

ఇటలీ జట్టుకు 42 మ్యాచ్‌ల్లో 11 గోల్స్ కొట్టాడు. 2008 యూరో (యూరప్ దేశాల టోర్నీ) క్వార్టర్ ఫైనల్ పెనాల్టీ షూటౌట్‌లో అతని షాట్‌ను స్పెయిన్ గోల్‌కీపర్ కసియాస్ ఆపాడు. నాలుగేళ్ల తర్వాతి యూరోలో అదే స్పెయిన్ మీద, గ్డాన్స్క్‌లో, బలొటెల్లి స్థానంలో దిగి కొద్ది నిమిషాల్లోనే పిర్లో పాస్‌ను గోల్‌లోకి పంపాడు. ఆ టోర్నీ మొత్తంలో స్పెయిన్ ఇచ్చిన ఒకే ఒక్క గోల్ అది.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. 2012 ఏప్రిల్‌లో, ఊదినేసే నుంచి లివోర్నోకు లోన్ మీద వెళ్లిన పియెర్మారియో మొరొసీని మైదానంలోనే కుప్పకూలి చనిపోయాడు. అప్పటికే తల్లిదండ్రులు లేని ఆ కుటుంబంలో మిగిలిన అక్కకు తోడుగా నిలవడానికి డి నటాలే ముందుకొచ్చాడు. ఊళ్లో అతని గురించి గోల్స్ కన్నా ముందు ఈ మాటే చెప్పినవాళ్లున్నారు.

2016లో ఆడటం మానేసేసరికి సెరీ ఆలో 209 గోల్స్, బాజ్జో కన్నా నాలుగు ఎక్కువ. అందులో 191 ఊదినేసేకే. బాజ్జో అంతకన్నా కళాత్మకమైన ఆటగాడు, అందులో నాకు సందేహం లేదు. పక్కన నిలబెట్టడానికి మాత్రం ఈ లెక్క సరిపోతుంది.

అంకెలతో మీకు నమ్మకం కుదరకపోతే 2011 ఫిబ్రవరిలో పలెర్మోలో ఊదినేసే 7-0తో గెలిచిన మ్యాచ్ వెతికి చూడండి. సాంచెజ్ నాలుగు, డి నటాలే మూడు. మీరు బంతిని వదిలేసి పదో నంబర్ జెర్సీనే గమనించండి.