ఒక్కరే అన్ని సబ్జెక్టులూ చెప్పగలరా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర పల్లె. మా ఆయన రొయ్యల గుంటలు చూసుకుంటారు. మావాడు పదో తరగతి. క్వార్టర్లీలో లెక్కల్లో 31, ఫిజికల్ సైన్సులో యాభైకి 14 వచ్చాయి. బ్యాచ్ ట్యూషన్‌కు పంపితే నలభై మందిలో వెనక కూర్చుని లేచి వస్తున్నాడు. ఇప్పుడొక మాస్టారు ఇంటికి వచ్చి వీడొక్కడికే అన్ని సబ్జెక్టులూ చెబుతానంటున్నారు. ‘లెక్కలకొకరు, సైన్సుకొకరు ఉండాలి గానీ అన్నీ ఒక్కరే ఏం చెబుతారు’ అని మా ఆయన అనుమానం. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: ఆ మాస్టారినే పెట్టుకోండమ్మా. మీ ఆయన అనుమానంలోనూ నిజముంది. ఆరు సబ్జెక్టులూ ఒకే తీరుగా వచ్చిన మనిషి ఎక్కడా దొరకరు. నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. తొమ్మిదేళ్లుగా కావలిలో మా ఇంటి వరండాలో, ఒక్కో గంటకు ఒక్కో బిడ్డను కూర్చోబెట్టుకుని లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు, తెలుగు, సోషల్ చెబుతున్నాను. హిందీ నాకు రాదు, చెప్పను. అయినా ఒక్కరే మేలని ఎందుకంటున్నానంటే, నలుగురు మాస్టార్లు వస్తే ఎవరి సబ్జెక్టు వాళ్లు చూసుకుంటారు. బిడ్డను మొత్తంగా చూసేవాళ్లు ఉండరు.

రెండేళ్ల కిందట ఒక పిల్ల వచ్చింది. ‘ఫిజిక్స్ నాకు అస్సలు రాదు టీచర్’ అంది. అప్పటికే ఏడాదిగా వేరే చోట ఫిజిక్స్ ట్యూషన్‌కు వెళుతోంది. 6 ఓమ్‌లు, 3 ఓమ్‌ల నిరోధాలు రెండూ సమాంతరంగా కలిపితే ఫలిత నిరోధం ఎంతో చెయ్యమన్నాను. సూత్రం అక్షరం తప్పు లేకుండా రాసింది. ఆ తర్వాత 1/6 + 1/3 = 2/9 అని రాసి, తిరగేసి 4.5 ఓమ్‌లు అంది. రావలసింది 2 ఓమ్‌లు. సమాంతరంగా కలిపినప్పుడు వచ్చే నిరోధం ఉన్నవాటిలో చిన్నదానికన్నా కూడా తక్కువ ఉండాలి కదా, 3 కంటే 4.5 ఎక్కువ ఎలా అయిందని అడిగితే బిత్తరపోయింది. గోళాకార దర్పణాల లెక్కల్లో, కటకాల లెక్కల్లో కూడా అదే తప్పు. ఆ పిల్లకు ఫిజిక్స్ వచ్చు. రానిది ఆరో తరగతిలో చెప్పిన భిన్నాల కూడిక. ఏడాదంతా ఓమ్ నియమం మళ్లీ మళ్లీ చెప్పారే గానీ, ఆ పిల్ల లెక్కల నోటుబుక్కు ఎవరూ తెరిచి చూడలేదు.

ఫిజిక్స్ పుస్తకం మూయించి పది రోజులు భిన్నాలే చెప్పాను. మా అత్తగారి నాటి సోల, తవ్వ, మానిక ఇంట్లో ఇంకా ఉన్నాయి. సోల అంటే మానికలో నాలుగో వంతు, తవ్వ అంటే సగం. ‘నీ లెక్కన 1/4, 1/2 కలిపితే 2/6, అంటే మూడో వంతు. తవ్వ బియ్యంలో ఇంకో సోల పోస్తే తవ్వ కన్నా తగ్గిపోతాయా?’ అని బియ్యం కొలిపించాను. ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు. అన్నీ ఒకరే చూస్తే ఒక సబ్జెక్టులో ఉన్న జబ్బు ఇంకో సబ్జెక్టులో బయటపడినా పట్టుకోగలరు. నాకు ఒక్కరి ట్యూషన్ మీద ఇంత నమ్మకం అందుకే.

మీవాడికైతే ఇంటి పక్కనే లేబొరేటరీ ఉంది. గుంట నీళ్ల పీహెచ్ (నీళ్లలో ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే కొలత) తెల్లవారుజామున ఎంత, మధ్యాహ్నం ఎంత అని వాళ్ల నాయననే అడిగి రాసుకోమనండి. ఎండలో నీటిలోని నాచు కిరణజన్య సంయోగక్రియ చేసి కార్బన్ డయాక్సైడ్ లాగేసుకుంటుంది, పీహెచ్ పెరుగుతుంది. రాత్రంతా గుంటలో ప్రతి జీవీ శ్వాసిస్తూ ఆ వాయువును నీళ్లలోకి వదులుతుంది, అది నీళ్లలో కలిసి ఆమ్లం అవుతుంది, తెల్లారేసరికి పీహెచ్ దిగుతుంది. ఆక్సిజన్ కూడా ఆ వేళకే బాగా తగ్గుతుంది కాబట్టే రాత్రిళ్లు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు ఆపరు. బయాలజీ పాఠం, కెమిస్ట్రీ పాఠం రెండూ ఇందులోనే ఉన్నాయి. ఏరేటర్ మోటారు 2 హార్స్‌పవర్ అనుకోండి, హార్స్‌పవర్‌కు 746 వాట్ల చొప్పున దాదాపు ఒకటిన్నర కిలోవాట్లు, పది గంటలు తిరిగితే 15 యూనిట్లు. 40 కౌంట్ అంటే కేజీకి 40 రొయ్యలు, ఒక్కోటి 25 గ్రాములు. కౌంట్ తగ్గేకొద్దీ రొయ్య బరువు పెరుగుతుంది, విలోమానుపాతం అంటే అదే. ఈ మాటలన్నీ మీవాడు పుట్టినప్పటి నుంచి వింటున్నవే. అవి తన పుస్తకంలో ఉన్నవేనని చెప్పే మనిషి పక్కన లేకపోయాడు, అంతే.

మాస్టారు వచ్చిన మొదటి రోజే ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టనివ్వకండి. పాత జవాబు పత్రాలు, ఆరు సబ్జెక్టులవీ ముందు పెట్టండి. మొదటి రెండు వారాలు తప్పులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడానికే పోవాలి. రోజుకు గంటన్నర చాలు, రెండు సబ్జెక్టులకు మించొద్దు. ఇంగ్లీషు మీడియం అయితే ప్రశ్నను బిడ్డ చేత పైకి చదివించి, ఏం అడిగారో తెలుగులో చెప్పించమనండి. లెక్క రాక పోయే మార్కుల కన్నా ప్రశ్న అర్థంకాక పోయే మార్కులు ఎక్కువని నా అనుభవం. చదువు హాల్లోనో వరండాలోనో, మీ కళ్లెదుట, తలుపు తీసి ఉంచి జరగాలి. ఎంత మంచి మాస్టారైనా ఈ పద్ధతి తప్పొద్దు. బ్యాచ్ ట్యూషన్ మాన్పించేయండి, పిల్లవాడికి నిద్ర కావాలి.

ప్రశ్న: నేను పదో తరగతి, పొదిలి. మా సార్ నాకొక్కడికే లెక్కలు, సైన్సు చెబుతారు. ఆయన చేసి చూపిస్తుంటే అన్నీ అర్థమవుతాయి. పరీక్షలో కూర్చుంటే టెన్షన్‌తో ఏమీ గుర్తురాదు. – ఒక విద్యార్థి

జవాబు: నాయనా, ట్యూషన్ జరిగేటప్పుడు పెన్ను ఎవరి చేతిలో ఉంటోంది? సార్ చేతిలోనే ఉంటే నీకు వచ్చేది చూడటం, చెయ్యడం కాదు. ఈ తప్పు నేనే చేశాను. ట్యూషన్లు మొదలుపెట్టిన కొత్తల్లో ఒక అబ్బాయికి ప్రతి లెక్కా నేనే అందంగా చేసి ఇచ్చాను. ఏడాది చివర చూస్తే వాడి నోటుబుక్కు నిండా నా దస్తూరీ. పబ్లిక్‌లో లెక్కల్లో వాడికి 42 వచ్చాయి. డెబ్బై రావలసిన బిడ్డ. ఇప్పటికీ వాడు బజార్లో కనిపించి నమస్కారం పెడితే నాకు మనసు కలుక్కుమంటుంది. ఆ తర్వాత నుంచి పిల్లల పక్కన కూర్చున్నప్పుడు పెన్ను ముట్టుకోను.

సార్‌తో నిదానంగా చెప్పు: ‘సార్, నేను చేస్తాను, తప్పు చేసిన చోట ఆపండి’ అని. ఆయన సంతోషిస్తారే గానీ కోప్పడరు. ఇవాళ చేసిన లెక్కలు రేపు పొద్దున తెల్లకాగితం మీద చూడకుండా చెయ్యి. ఆగిపోయిన చోట గీత గీసి ఉంచు, సాయంత్రం అక్కడి నుంచే మొదలుపెట్టు. ఆదివారం గడియారం పెట్టుకుని పూర్తి పేపరు రాయి. లెక్కల పేపరుకు 3 గంటల 15 నిమిషాలు ఇస్తారు, అందులో 15 నిమిషాలు ప్రశ్నలు చదువుకోవడానికే. ఇంట్లో ఐదారు పేపర్లు అలా రాసినవాడికి హాల్లో చెయ్యి వణకదు.

ప్రశ్న: ఒంగోలులో ఉంటాను. బీఎస్సీ మ్యాథ్స్ చేసి ఇంటింటికీ వెళ్లి ట్యూషన్లు చెబుతున్నాను. ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి పాపకు తెలుగు, హిందీ కూడా చెప్పమంటున్నారు. ఛందస్సు అంటే నాకే భయం, హిందీ రాదు. ఒప్పుకోవాలా? – ఒక ట్యూషన్ టీచర్

జవాబు: తెలుగుకు ఒప్పుకో తల్లీ. ఛందస్సు లెక్కల వాళ్ల సొత్తు. గురువు, లఘువు అని రెండే గుర్తులు. మూడక్షరాల గణంలో ఒక్కో స్థానంలో ఈ రెండింటిలో ఏదో ఒకటి వస్తుంది. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. మ, న, భ, య, జ, స, ర, త అన్న ఎనిమిది గణాలు అవే, తొమ్మిదోది ఉండటానికి వీల్లేదు. ఈ మాట చెప్పినప్పుడు పిల్లల ముఖాలు ఎలా వెలుగుతాయో నువ్వే చూస్తావు. తర్వాత ఉత్పలమాలకు భ ర న భ భ ర వ (చివరి ‘వ’ లఘువు, గురువు కలిసిన రెండక్షరాల గణం), పదో అక్షరం యతి, అంటే మొదటి అక్షరంతో మైత్రి కుదరాల్సిన చోటు అని చెప్పి, ఒక పద్యం ఇచ్చి గణాలు విడగొట్టమను. కానీ ముందు పద్యాన్ని రాగంగా నువ్వు చదివి వినిపించాలి. నెల్లూరులో మనుమసిద్ధి కొలువులో తిక్కన పద్యం చెప్పిన గడ్డ మనది, పద్యాన్ని వట్టి గీతలు గీసి వదిలేయకు.

హిందీ మాత్రం రాదని ఇవాళే చెప్పేయి. పదో తరగతిలో హిందీకి పాస్ మార్కు 20 కాబట్టి ఎలాగో గట్టెక్కిద్దామని చాలామంది రాకపోయినా ఒప్పుకుంటారు. పాప ఉచ్చారణ, రాత రెండూ చెడతాయి. మీ వీధిలోనో పక్క వీధిలోనో హిందీ చదువుకున్నవాళ్లుంటే వారానికి రెండు రోజులు వాళ్ల దగ్గరికి పంపమను, ఆ రెండు రోజులూ నువ్వు గంట తగ్గించుకో, ఫీజు కూడా ఆ మేరకు తగ్గించు.