పెడల్‌బోర్డు కొనండి, ఈఎంఐ వద్దు

ప్రశ్న: విజయవాడలో గిటారిస్టుని. పెళ్లి సంగీత్‌లు, ఆర్కెస్ట్రా ప్రోగ్రాములతో నెలకు సగటున 35,000 వస్తుంది, ఇంటి ఖర్చు 22,000. బ్యాంకులో 30,000 ఉంది. నా ఆరు పెడల్స్‌కి (గిటార్ శబ్దాన్ని మార్చే, కాలితో నొక్కే పెట్టెలు) మాడ్యులర్ పెడల్‌బోర్డు, అంటే వాటిని బిగించుకునే, విడిభాగాలతో అమర్చుకునే బోర్డు కావాలి. ఫ్రేమ్ 18,000, పవర్ సప్లై 16,000, జాక్ మాడ్యూళ్లు (కేబుళ్లు గుచ్చే భాగాలు) 14,000, మొత్తం 48,000. క్రెడిట్ కార్డు మీద 16 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ ఇస్తామంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: బోర్డు మీ పనిముట్టు, తప్పకుండా కొనండి. ఈఎంఐ మాత్రం వద్దు. నెలకు సుమారు 4,355 కట్టాలి. వడ్డీ 4,260 దాకా, దాని మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు వేరు. అంతకన్నా నా భయం ఆషాఢం గురించి. ముహూర్తాలు లేని నెలలో మీ సగటు రాదు, వాయిదా మాత్రం వస్తుంది. ఒక్క వాయిదా కట్టలేకపోయినా కార్డు వడ్డీ నెలకు 3 శాతం పైనే పడుతుంది. ఆ 30,000 అలాంటి నెల కోసమే ఉంచండి, ముట్టుకోకండి.

మాడ్యులర్ బోర్డు మీకు కలిసొచ్చేది ఇక్కడే: విడివిడిగా కొనుక్కోవచ్చు. ఆ 4,355నే నెలనెలా వేరే ఖాతాలో వేయండి. నాలుగు నెలలకు పవర్ సప్లై డబ్బు చేతికొస్తుంది, పదకొండు నెలలకు దాదాపు మొత్తం.

ముందు పవర్ సప్లైయే ఎందుకంటే, ఒకే అడాప్టర్‌తో ఆరింటికీ డైసీ చెయిన్ వేస్తే (ఒకే వైరు నుంచి అన్నిటికీ కరెంటు ఇస్తే), ముఖ్యంగా ప్రతిధ్వని ఇచ్చే డిజిటల్ డిలే, రివర్బ్ పెడల్స్ ఉన్నప్పుడు, హమ్ (గుయ్‌మనే శబ్దం) తరచూ వస్తుంది. ఐసొలేటెడ్ అవుట్‌పుట్‌లున్నదే, అంటే ఒక్కో పెడల్‌కీ విడిగా కరెంటు ఇచ్చేదే తీసుకోండి. ఎంత కరెంటు లాగుతాయో తెలియడానికి పెడల్స్ మీద రాసిన మిల్లీయాంప్‌లు చూసుకోండి. అనలాగ్ ఓవర్‌డ్రైవ్‌కి (శబ్దాన్ని గరుకుగా చేసే పెడల్) సాధారణంగా 20 లోపే చాలు, డిజిటల్ పెడల్ 100 నుంచి 300 దాకా లాగొచ్చు. 9 వోల్టుల సెంటర్ నెగెటివ్ (ప్లగ్ మధ్య భాగం నెగెటివ్) కానిది ఏదైనా ఉందేమో కూడా చూడండి.

ఫ్రేమ్ విషయంలో తొందరపడకండి. ఒక కంపెనీ మాడ్యూల్ ఇంకో కంపెనీ ఫ్రేమ్‌లో సాధారణంగా కూర్చోదు, కాబట్టి ఫ్రేమ్ ఎవరిదైతే మాడ్యూళ్లూ వాళ్లవే కొనాల్సొస్తుంది. ఈలోపు వడ్రంగి చేత 24 అంగుళాల ప్లైవుడ్ పలక చేయించి వెల్‌క్రో అంటించండి. బాస్ కాంపాక్ట్ పెడల్ వెడల్పు 73 మిల్లీమీటర్లు. అలాంటివి ఆరు పెడితే 438, అంటే 17 అంగుళాల పైచిలుకు, మధ్యలో జాక్‌లకు చోటు వదిలినా పలక మీద సరిపోతాయి.

తర్వాత ఫ్రేమ్, దానితోపాటు గిటార్ ఇన్, ఆంప్ అవుట్ (గిటార్, ఆంప్లిఫయర్ కేబుళ్లు గుచ్చే చోట్లు) ఉన్న మాడ్యూల్ ఒక్కటి. ప్రతి ప్రోగ్రాంకీ పెడల్ జాక్‌లను పీకి పెట్టే బాధ తప్పుతుంది. మిగతా మాడ్యూళ్లు ఆగుతాయి. ఆషాఢంలో ఖాతాలో వేయలేకపోతే అవి ఒక నెల ఆలస్యమవుతాయి, అంతే.