జనం ఖాళీ చేసిన ఊళ్లో ఇల్లు కొనవచ్చా?

ప్రశ్న: అమెరికాలోని డెట్రాయిట్, యంగ్స్‌టౌన్ లాంటి ఊళ్ల నుంచి జనం వెళ్లిపోయింది ఫ్యాక్టరీలు మూతపడ్డాకేనా?

జవాబు: యంగ్స్‌టౌన్ విషయంలో చాలావరకు అంతే. 1977 సెప్టెంబర్ 19న అక్కడి క్యాంప్‌బెల్ ఉక్కు కర్మాగారాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించారు. సుమారు 5,000 మంది ఉపాధి పోయింది. డెట్రాయిట్ కథ వేరు. అక్కడ జనాభా 1950 తర్వాత, కార్ల కంపెనీలు లాభాల్లో ఉన్నప్పుడే తగ్గడం మొదలైంది. పొడవాటి అసెంబ్లీ లైన్‌కు ఒకే అంతస్తులో విశాలమైన షెడ్డు కావాలి. అంత స్థలం ఊరి బయటే దొరికింది. ఫ్రీవేలు వచ్చాయి. కేంద్ర ప్రభుత్వ హామీ ఉన్న ఇంటి రుణాలు శివార్లలో తెల్లవాళ్లకు సులువుగా దొరికాయి, నల్లజాతి కుటుంబాలకు దొరకలేదు. ఎవరు వెళ్లగలిగారో, ఎవరు ఉండిపోవలసి వచ్చిందో తేల్చింది ఈ అన్యాయమే. దీన్ని పక్కన పెట్టి ఫ్యాక్టరీల గురించే మాట్లాడితే సగం కథే చెప్పినట్టు.

ప్రశ్న: డెట్రాయిట్‌లో ఇల్లు వెయ్యి డాలర్లకే వేలానికి వస్తుందట. కొనవచ్చా?

జవాబు: వెయ్యి డాలర్లు వేలం పాట మొదలయ్యే ధర మాత్రమే, అసలు ఖర్చు ఆ తర్వాత ఉంటుంది. 1950లో సుమారు 18.5 లక్షలున్న జనాభా 2020 నాటికి 6.39 లక్షలకు పడిపోయింది. ఊరి విస్తీర్ణం మాత్రం అదే, దాదాపు 360 చదరపు కిలోమీటర్లు. డెట్రాయిట్ ఉన్న మిషిగన్ రాష్ట్రంలో ఆస్తి పన్ను మూడేళ్లు బకాయి పడితే కౌంటీ (మన జిల్లా లాంటిది) ఇంటిని జప్తు చేస్తుంది. అలా వచ్చిన ఇళ్లు ఎన్నో ల్యాండ్ బ్యాంకు చేతికి, అంటే ఖాళీ ఇళ్లను, స్థలాలను తీసుకుని అమ్మే ప్రభుత్వ సంస్థ చేతికి చేరాయి.

పాట పాడే ముందు బేస్‌మెంట్‌లోకి దిగి చూడండి. రాగి పైపులు, ఇంటిని వెచ్చబరిచే ఫర్నేసు, వాటర్ హీటర్ ఉన్నాయా? ఖాళీ ఇళ్లలో ముందు మాయమయ్యేవి ఇవే. పైపుల్లో నీళ్లు తీసేయకుండా హీటింగ్ ఆపేసి ఉంటే చలికాలంలో ఆ నీళ్లు గడ్డకట్టి పైపులు పగిలిపోతాయి. గోడల లోపలి పైపుల పగుళ్లు మళ్లీ నీళ్లు వదిలేదాకా బయటపడవు. మురుగు పైపులోకి కెమెరా పంపించి చూపించుకోండి. పాత మట్టి పైపుల అతుకుల్లోంచి చెట్ల వేళ్లు దూరి ఉంటాయి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే రంగులో సీసం ఉందనే అనుకోవాలి, పొడిగా గీకకూడదు.

కాగితాల సంగతి ఇంకా ముఖ్యం. ఇలాంటి అమ్మకాల్లో తరచూ ఇచ్చేది క్విట్ క్లెయిమ్ డీడ్. అమ్మేవారు తమకున్న హక్కేదో వదులుకుంటున్నారే తప్ప దానికి పూచీ ఇవ్వరు. ఇల్లు ఎవరిదో తేల్చే క్వైట్ టైటిల్ దావా కోర్టులో గెలిచేదాకా టైటిల్ ఇన్సూరెన్స్ (యాజమాన్య హక్కులో లోపం బయటపడితే ఆదుకునే బీమా) దొరకకపోవచ్చు. ల్యాండ్ బ్యాంకు వేలంలో కొంటే మామూలుగా ఆరు నెలల్లో ఇంటిని నివాసయోగ్యం చేయాలి. చేయకపోతే వెనక్కి తీసుకునే హక్కు వారికి ఉంటుంది.

పాత యజమాని పన్ను బిల్లు చూసి లెక్క వేసుకోకండి. మిషిగన్‌లో పన్ను లెక్కగట్టే విలువ ఏడాదికి 5 శాతం లేదా ద్రవ్యోల్బణం, ఏది తక్కువైతే దానికి మించి పెరగదు. ఇల్లు చేతులు మారితే మరుసటి ఏడాది ఆ పరిమితి ఎత్తేసి, మార్కెట్ విలువలో సగం దగ్గర కొత్తగా మొదలుపెడతారు. మీరే కాపురం ఉంటే సొంత నివాసపు మినహాయింపుకు అఫిడవిట్ ఇవ్వండి. ఆ విలువలో ప్రతి వెయ్యి డాలర్లకు 18 డాలర్ల దాకా పన్ను తగ్గుతుంది.

ప్రశ్న: మిషిగన్‌లోనే ఉన్న ఫ్లింట్‌లోనూ జనం తగ్గారు కదా, నీళ్ల బిల్లు ఎందుకు తగ్గదు? నీళ్లు తాగవచ్చా?

జవాబు: 1960లో సుమారు 1.97 లక్షల మందికి సరిపడా వేసిన పైపులవి. 2020 లెక్కల్లో అక్కడున్నది 81 వేల మంది. పైపుల పొడవు తగ్గదు, మరమ్మతు ఖర్చు తగ్గదు, కట్టేవాళ్లే తగ్గారు. పైగా పెద్ద పైపుల్లో నీళ్లు ఎక్కువసేపు నిలిచి క్లోరిన్ బలం పోతుంది. 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గించుకోవాలని నీటిని ఫ్లింట్ నదికి మార్చినప్పుడు, తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు. ఇళ్లకు వెళ్లే పైపుల్లోంచి సీసం నీళ్లలోకి దిగింది. ఆ అక్టోబర్‌లోనే జనరల్ మోటార్స్ తన ఇంజన్ విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీళ్లు వాడటం మానేసింది. ఇళ్లలో వాళ్లు మరో ఏడాది అవే తాగారు.

ఏ పాత ఇంట్లోనైనా నీటి పైపు బేస్‌మెంట్‌లోకి వచ్చే చోట తాళంచెవితో గీకి చూడండి. మెత్తగా ఉండి వెండిలా మెరిసి, అయస్కాంతం అంటుకోకపోతే అది సీసం. అయస్కాంతం అంటుకుంటే ఇనుము, అమెరికా ఒక సెంటు నాణెంలా ఎర్రటి రంగులో ఉంటే రాగి. సీసమైతే పైపు మార్పించేదాకా, సీసం తొలగిస్తుందని ఎన్‌ఎస్‌ఎఫ్ 53 (నీటి ఫిల్టర్ల నాణ్యతా ప్రమాణం) ధ్రువీకరణ ఉన్న ఫిల్టర్ వాడండి, కార్ట్రిడ్జ్ గడువు దాటనివ్వకండి. వంటకు, తాగడానికి చన్నీటి కొళాయి నీళ్లే పట్టుకోండి. రాత్రంతా నిలిచిన నీటిని ఉదయం కనీసం ఐదు నిమిషాలు వదిలేయండి. కొళాయి మూతిలోని జల్లెడ విప్పి తరచూ కడగండి, సీసం పలుకులు అక్కడ చేరతాయి. మరగబెడితే సీసం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.