మూడు వారాల సంతాపం: యూదు అతిథులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: రుషికొండ దగ్గర మా ఇంట్లోనే రెండు గదులు అతిథులకు అద్దెకిస్తాం. 2026 జూలై 12 నుంచి 25 దాకా ఒక యూదు కుటుంబం దిగుతోంది. ‘ఆ రోజుల్లో మాకు సంతాపం, మాంసం వద్దు, బట్టలు ఉతకం’ అని రాశారు. ఎవరైనా పోయారేమో, అడగాలంటే మొహమాటం. ఏ ఏర్పాట్లు చేయాలి?
– ఒక పాఠకురాలు, రుషికొండ

జవాబు: వాళ్ళింట్లో ఎవరూ పోలేదమ్మా. ఇది యూదులంతా కలిసి పాటించే సంతాపం. యెరూషలేములోని వారి ఆలయాన్ని క్రీ.పూ. 586లో బాబిలోనియా సైన్యం, క్రీ.శ. 70లో రోమన్ సైన్యం నేలమట్టం చేశాయి. రెండూ ఆవ్ మాసం తొమ్మిదో రోజునే జరిగాయని వారి సంప్రదాయం. ఆవ్‌కు ముందు నెల తమ్మూజ్ 17న మొదలై ఆవ్ 9 దాకా సాగే ఈ మూడు వారాలు 2026లో జూలై 2 నుంచి 23 వరకు. వారిదీ చాంద్రమాసమే కనుక ఆవ్ 9 మన శుద్ధ నవమి అటూ ఇటుగా వస్తుంది.

మన మైల రోజులు గడిచేకొద్దీ తేలికపడుతుంది. ఈ సంతాపం రోజులు గడిచేకొద్దీ బరువెక్కుతుంది. అందుకే ‘ఇది తినొచ్చా, అది చేయొచ్చా’ అనే ముందు తేదీ చూడాలి. వారి రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది కాబట్టి ఆవ్ మాసం జూలై 14 సాయంత్రమే వచ్చేస్తుంది. అప్పటిదాకా క్షవరం, పెళ్ళి, సంగీతం మానతారు. అప్పటి నుంచి మాంసం, ద్రాక్షసారా, బట్టలుతకడం, సరదా స్నానాలు కూడా ఆగిపోతాయి. ఇవి తూర్పు యూరప్ మూలాలున్న అష్కెనాజీల లెక్కలు. స్పెయిన్, మధ్యప్రాచ్య మూలాలున్న సెఫార్దీలలో చాలామంది క్షవరం, ఉతుకు నిషేధాలను ఆవ్ 9 పడే వారంలోనే, అంటే ఈసారి జూలై 18 రాత్రి నుంచే, పాటిస్తారు. మీ అతిథులు ఎవరో ముందే అడగండి, వాళ్ళేమీ అనుకోరు.

వంట సంగతి. మన అంగడి మాంసం నిష్ఠ గలవాళ్ళు ఎప్పుడూ తినరు. సీలు వేసిన కోషర్ (వారి ఆహార నియమాలకు సరిపడే) మాంసం వెంట తెచ్చుకుని ఫ్రీజర్‌లో పెట్టమంటే, అది 17 శుక్రవారం రాత్రికీ 18 శనివారానికీ. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం రాత్రి దాకా సాగే వారి విశ్రాంతి దినం షబ్బాత్. ఆ రోజున మాంసం, ద్రాక్షసారా అనుమతే. మిగతా రోజుల్లో చేప, గుడ్డు, పాలు, పప్పు, కూరలు నిక్షేపంలా పెట్టొచ్చు. చేపకు రెక్కలూ పొలుసులూ రెండూ ఉండాలి. రొయ్య, పీత, వాలుగ ఏడాది పొడవునా పనికిరావు. చేపల మార్కెట్‌లో బొచ్చె, శీలావతి, పండుగప్పలలో ఏదో ఒకటి కొనండి కానీ, అక్కడే పొలుసు గీయించి ముక్కలు కొట్టించి తేవద్దు. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. పొలుసు కనబడకపోతే ఏ చేపో వాళ్ళు నిర్ధారించుకోలేరు, పైగా ఆ కత్తి అంతకుముందు రొయ్యలు కోసిందే కావచ్చు. గిన్నెలు, గరిటెలు, కత్తి కొత్తవి కేటాయించండి. స్టవ్ వాళ్ళ చేతే వెలిగించండి, సెఫార్దీలైతే గిన్నె కూడా వాళ్ళే పెడతారు. యూదులు కానివారు పూర్తిగా వండిన అన్నం, చేప వారి నియమానికి సరిపడవు.

బట్టలు లాండ్రీకి ఇవ్వాలంటే 14 సూర్యాస్తమయంలోపే ఇవ్వాలి. ఆ తర్వాత చాకలి ఉతికినా దోషం లేదు. ఉతికిన చొక్కా తొడగడమూ నిషేధమే కాబట్టి చాలామంది ముందుగానే ఒక్కో చొక్కా అరగంటో గంటో తొడిగి విప్పి పక్కన పెట్టుకుంటారు. కుర్చీ మీద అలా పోగుపడ్డ చొక్కాలను మాసినవనుకుని పనిమనిషి వాషింగ్ మెషీన్‌లో వేసేస్తే వాళ్ళ ఏర్పాటంతా పోతుంది. ఆమెకు ముందే చెప్పండి. లోదుస్తులకు, మేజోళ్ళకు సాధారణంగా సడలింపు ఉంది. దుప్పట్లు, తువ్వాళ్ళు రోజూ మార్చకండి. విశాఖ జూలై చెమటకు ఒళ్ళు కడుక్కోవడాన్ని చాలామంది గురువులు ఒప్పుకుంటారు. చల్లని లేదా గోరువెచ్చని నీళ్ళతో, త్వరగా. సముద్రంలో ఈత మాత్రం 14 సూర్యాస్తమయంతో సరి.

ఆవ్ 9 ఉపవాసానికి ముందు, 22 బుధవారం భోజనం సాయంత్రం నాలుగున్నరకల్లా పెట్టేయండి. చివరగా నేల మీద కూర్చుని రొట్టె, ఉడికించిన గుడ్డు బూడిద అద్దుకుని తింటారు. సూర్యాస్తమయం, ఇక్కడ సుమారు ఆరున్నర, నుంచి మర్నాడు చీకటి పడేదాకా దాదాపు 25 గంటలు మంచినీళ్ళూ ముట్టరు. స్నానం లేదు, తోలు చెప్పులు వేసుకోరు, హవాయి చెప్పులు పర్వాలేదు. 23 మధ్యాహ్నం దాకా కుర్చీ ఎక్కరు. రెండు పీటలు ఇవ్వండి. ఆ రోజు పలకరింపులు ఉండవు. మీరు నమస్కారం పెట్టినప్పుడు ముభావంగా తలూపితే నొచ్చుకోకండి. అరకు, బొర్రా ప్రయాణాలు ఆ రోజున పెట్టొద్దు. గర్భిణులు, జబ్బుపడ్డవాళ్ళు ఉంటే ఉపవాసం సంగతి డాక్టరునూ, తమ మతగురువు రబ్బీనీ అడిగి ముందే తేల్చుకోవాలి.

ఉపవాసం విడిచాక ఆ రాత్రి కూడా మాంసం ఉండదు. ఆలయం పదో రోజూ కాలుతూనే ఉందని 24 మధ్యాహ్నం దాకా నియమాలు సాగుతాయి. ఈసారి ఆ 24 శుక్రవారం కాబట్టి షబ్బాత్ కోసం ఉతుకు, క్షవరాలకు ఉదయం నుంచే వీలుంది. ఆ రోజు వాషింగ్ మెషీన్ వాళ్ళకు వదిలేయండి.

ప్రశ్న: మా ఆఫీసులో పనిచేసే యూదు సహోద్యోగికి జూలై 9న బీచ్ రోడ్‌లో వీడ్కోలు విందు, డీజే అనుకున్నాం. తప్పవుతుందా?
– ఒక పాఠకుడు, ఎం.వి.పి. కాలనీ

జవాబు: విందు ఫర్వాలేదు, డీజే వద్దు. ఆ తేదీకి సంగీతం, నాట్యం ఆగిపోయి ఉంటాయి. మర్నాటికి మార్చకండి, శుక్రవారం సూర్యాస్తమయంతో షబ్బాత్ మొదలవుతుంది. పాటలు ఉండాల్సిందే అనుకుంటే జూలై 1లోపు పెట్టుకోండి.

ప్రశ్న: ఇంటికి వచ్చే యూదు దంపతులకు ఉప్పాడ చీర పెట్టి, మామిడిపళ్ళు ఇవ్వొచ్చా?
– ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: కొత్త బట్టకు, ఆ ఏటి మొదటి పండుకు వాళ్ళు ‘ఈ రోజుదాకా బతికించినందుకు’ అని కృతజ్ఞత చెప్పే దీవెన చదువుతారు. సంతాప వారాల్లో ఆ దీవెనను తప్పిస్తారు. చీర జూలై 24 మధ్యాహ్నం తర్వాత ఇవ్వండి. ఈ వేసవిలో ఇప్పటికే మామిడి తిని ఉంటే పళ్ళకు అడ్డు లేదు. ఆ ఒక్క ప్రశ్న అడిగి బుట్ట పంపండి.