ఫత్వా ‘జారీ’ అవుతుందా?

సందేహం: ‘రాత్రి పది దాటితే గేటు తీయొద్దని అపార్ట్‌మెంట్ కమిటీ ఫత్వా జారీ చేసింది’ అని రాస్తే మా అబ్బాయి తప్పంటున్నాడు. ఫత్వా అంటే హుకుమే కదండీ?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: నా ఓటు మీ అబ్బాయికేనమ్మా. హుకుం అడక్కపోయినా నెత్తిన పడుతుంది. ఫత్వాకి ముందో ప్రశ్న ఉండాలి. అడిగేవాడు ముస్తఫ్తీ, జవాబిచ్చే పండితుడు ముఫ్తీ. ఆ జవాబు మనసుకి ఎక్కకపోతే ఇంకో ముఫ్తీని అడగొచ్చు. కట్టుబడి తీరాల్సింది న్యాయాధికారి అయిన ఖాజీ తీర్పుకి. ఫత్వాకి చట్టబలం లేదని మన సుప్రీంకోర్టు కూడా 2014లో తేల్చింది. అయినా మన టీవీల్లో ఎవరు కళ్లెర్రజేసినా ఫత్వాయే!

అరబ్బీలో ‘ఫతా’ అంటే పడుచువాడు. ‘ఫుతువ్వ’ అంటే ఆ వయసుకి తగిన ధైర్యం, ఉదారగుణం. ఫత్వాని కొందరు దీనితోనే ముడిపెడతారు: సందేహంతో తూలుతున్న విషయానికి పడుచు బలం ఇచ్చేదట. ఎంత ముచ్చటైన వ్యుత్పత్తి!

ఇంకో ముచ్చట. పుణ్యమేదో పాపమేదో అడగడానికి వచ్చిన వాబిసా అనే అనుచరుడితో ప్రవక్త ముహమ్మద్ ‘నీ హృదయాన్నే ఫత్వా అడుగు’ అన్నారని హదీసు, అంటే ప్రవక్త మాటల ఉల్లేఖనం. జనం ఎన్ని ఫత్వాలిచ్చినా గుండెలో గుచ్చుకునేది పాపమేనట. నవవీ అనే పండితుడు ఏర్చికూర్చిన నలభై హదీసుల్లో ఇదీ ఉంది. స్పష్టమైన శాసనం ఉన్నచోట ఇది చెల్లదని పండితులు హద్దు గీశారనుకోండి.

1111లో కన్నుమూసిన ఇస్లాం పండితుడు గజాలీకి ఈ గుచ్చుకోవడమే ముఖ్యం. జకాత్ సంగతే చూడండి. సొమ్ము ఏడాదిపాటు చేతిలో ఉంటే నూటికి రెండున్నర వంతు పేదలకివ్వాలి. ఒకాయన ఏడాది నిండబోయే ముందు డబ్బంతా భార్య పేర రాసి, ఆమె గడువు దగ్గరపడగానే మళ్లీ తన పేర రాయించుకుంటాడు. ఏ ఒక్కరి దగ్గరా ఏడాది నిండదు! కాగితం మీద తప్పు పట్టలేం. కానీ జకాత్ ఉన్నది మనసులోని పిసినారితనం కడగడానికి కదా, ఈ ఎత్తుతో అది ఇంకా పెరగదూ అంటాడు గజాలీ. నిబంధనలోని అక్షరం దగ్గరే ఆగిన పండితుడి విద్య ఈ లోకానికే పనికొస్తుందని ఆయన ఎత్తిపొడుపు.

ఇస్లాం ధర్మశాస్త్ర శాఖల్లో ఒకటైన హనఫీలది మరో దారి, ఇస్తిహ్సాన్: నియమం ఇబ్బంది పెట్టినచోట మేలైనదాన్ని ఎంచుకోవడం. తయారుకాని సరుకు అమ్మకూడదన్నది నియమం. అలాగని చెప్పులు కుట్టించుకోవడం ఆపేస్తామా? జనం అవసరం చూసి దానికి సమ్మతించారు. మరో శాఖకి మూలపురుషుడైన షాఫయీకి మాత్రం ఈ పద్ధతి ససేమిరా గిట్టలేదు.

ఇక మీ వాక్యం. అక్కడ ‘హుకుం జారీ చేసింది’ అంటే చాలు. కమిటీని వెక్కిరించడానికే ఫత్వా అన్నారా, పోనీ ఉంచుకోండి, పత్రికలు ఎలాగూ అలవాటు చేశాయి. నిజం ఫత్వా గురించి రాసేటప్పుడు మాత్రం ‘ఇచ్చారు’ అనండి. ‘జారీ’ నాకు రుచించదు.