పౌలు వేరు, డి పాల్ వేరు

ప్రశ్న: మా మనుమరాలు చదివే బడి పేరులో ‘డి పాల్’ అని ఉంది. బైబిలులో పత్రికలు, అంటే సంఘాలకు లేఖలు, రాసిన పౌలుగారే ఆయన అని బాప్టిస్టు సంఘానికి చెందిన మా పొరుగింటి వదినగారు అంటున్నారు. బడి ఆవరణలో ఉన్న విగ్రహం మాత్రం చేతుల్లో పసిబిడ్డను ఎత్తుకున్న ముసలి కతోలిక గురువుది (ఫాదర్‌ది). ఏది నిజం?
– ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, విగ్రహం చేతుల్లో ఏముందో మీరు చూశారు, అదే సరైన ఆనవాలు. ఆయన విన్సెంట్ డి పాల్. 1581లో ఫ్రాన్సు నైరుతి మూలన ఉన్న పుయ్ అనే పల్లెలో ఒక రైతు ఇంట పుట్టారు. ‘డి పాల్’ ఆయన ఇంటిపేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి చివర వస్తుంది, కాబట్టి మీ వదినగారి పొరపాటు సహజమైనదే. పారిస్ వీధుల్లో తల్లిదండ్రులు వదిలేసిన పసికందులకు నీడ కల్పించినందువల్లే శిల్పులు ఆయన చేతుల్లో బిడ్డను పెడతారు. అపొస్తలుడైన పౌలు విగ్రహానికైతే ఒక చేతిలో గ్రంథం, మరో చేతిలో ఖడ్గం ఉంటాయి. రోములో ఆయన శిరచ్ఛేదానికి గురయ్యారన్న సంప్రదాయానికి ఆ ఖడ్గం గుర్తు. పండుగలు కూడా వేరు: పౌలుగారిది పేతురుగారితో కలిపి జూన్ 29న, విన్సెంట్ గారిది ఆయన మరణించిన సెప్టెంబరు 27న. మీ మనుమరాలి బడిలో ఏ రోజున పండుగ చేస్తారో అడిగి చూడండి.

ఇక ఆ పేరు మీ ఊరిదాకా ఎలా వచ్చిందో చెప్పాలి. పల్లె జనానికి బోధించడానికి విన్సెంట్ 1625లో ఒక గురువుల సభను, అంటే మత సంఘాన్ని, స్థాపించారు; 1633లో లూయీజ్ ద మరియాక్‌తో కలిసి, రోగులకూ పేదలకూ సేవ చేసే సోదరీమణుల సంఘాన్ని ఏర్పరచారు. ఆ గురువుల సభకు చెందిన స్పెయిన్ దేశపు గురువులు 1922లో గంజాం ప్రాంతానికి వచ్చారు. అప్పటికి ఒడిశా రాష్ట్రమే లేదు. 1936 దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. వారికంటే ముందు ఇక్కడ పనిచేసింది విశాఖపట్నం కేంద్రంగా ఉన్న మరో సభ, అంటే ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరిట ఏర్పడిన సభ. ఆ పేరులోని ‘సేల్స్’ అమ్మకాలు కాదని పిల్లలకు తప్పక చెప్పాలి. అది సవాయ్ ప్రాంతంలో ఆయన పుట్టిన కోట పేరు. ఫ్రాన్సిస్ అనే పునీతులు (సెయింట్లు) ముగ్గురు మన బడుల బోర్డుల మీద తరచూ కనిపిస్తారు: అసిస్సీ ఊరివారు 1226లో, జేవియర్ కోటలో పుట్టినవారు 1552లో, సేల్స్ వారు 1622లో మరణించారు. అందుకే పేరు చదివేటప్పుడు ‘ఫ్రాన్సిస్’ దగ్గరే ఆగిపోకుండా, వెనక ఉన్న మాట కూడా చదవాలని నా మనవి.

ప్రశ్న: మా బాప్టిస్టు మందిరానికి ఏ పునీతుని పేరూ లేదు. కతోలికుల గుడులకూ బడులకూ మాత్రం ఎందుకుంటాయి?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: కతోలిక సంప్రదాయంలో ప్రతి దేవాలయాన్నీ ఒక పునీతునికో, మరియమాతకో, ఒక దైవ మర్మానికో అంకితం చేసి, ఆ పేరిట ఏటా పండుగ చేస్తారు, వారు తమ కోసం ప్రార్థిస్తారన్నది అక్కడి విశ్వాసం. మీ ప్రాంతానికి కెనడా బాప్టిస్టు మిషనరీలు తెచ్చిన విశ్వాసంలో ఆ అంకితానికి చోటు లేదు. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక మొదట్లోనే పౌలుగారు ఆ సంఘంలోని విశ్వాసులందరినీ ‘పరిశుద్ధులు’ అని పిలిచారు. బాప్టిస్టులు ఆ మాటను అక్షరాలా పాటిస్తారు, కాబట్టి మందిరం ఊరి పేరుతోనే చెలామణీ అవుతుంది. ప్రొటెస్టెంట్లందరూ ఇలాగే అనుకోకండి. ఆంగ్లికన్లు అపొస్తలుల పేర్లను వదలలేదు, లండన్‌లోని పెద్ద దేవాలయం పౌలుగారి పేరిటే ఉంది.

ప్రశ్న: ఊళ్లకు కూడా ఇలాంటి పేర్లున్నాయా?
– ఒక విద్యార్థిని, రాయగడ

జవాబు: చాలా ఉన్నాయి. మద్రాసులోని శాంతోమ్ అంటే పోర్చుగీసు వారి నోట ‘పునీత తోమా’. బ్రెజిల్‌లోని సావో పాలో అపొస్తలుడైన పౌలు పేరు. 1554 జనవరి 25న, ఆయన మనసు మారిన పండుగనాడు అక్కడ జరిగిన పూజతో ఆ ఊరు మొదలైంది. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌ను 1703లో పీటర్ చక్రవర్తి కట్టించాడు గాని, పేరు అపొస్తలుడైన పేతురుది. చిలీ రాజధాని శాంటియాగో యాకోబుగారి పేరు. అమెరికాలోని శాన్ డియాగో వినడానికి అలాగే ఉన్నా, అది స్పెయిన్‌లోని అల్కలా పట్టణంతో పేరు ముడిపడిన డియాగో అనే మరో సన్యాసిది. మొదటి ప్రశ్నలోని పుయ్ పల్లె కూడా ఈ వరుసలోదే: 1828లో దాని పేరు మార్చారు, ఇప్పుడది సెయింట్ విన్సెంట్ డి పాల్.